గోరింట కంచె వెనక ఇసక దారి

మా ఊరి పార్కులో ఆడవాళ్ల నడక దారి ఎందుకు పోయిందని ఎవరినడిగినా ఒకటే చెప్తారు: దారి వేశారు, ఆడవాళ్లు రాలేదు, మూసేశారు. మొన్న పార్కు బాగుచేసే విషయం పురసభలో మాట్లాడినప్పుడు కూడా ఈ మాటే వచ్చింది. మళ్లీ అలాంటి దారి దండగ అని తేల్చబోతున్నారు. అప్పటి ఓవర్సీరుని నేనే. ఆ దారి గీసింది నేను, మూతపడేలా చేసిందీ నేనే. ఆడవాళ్లు రాలేదన్నది అబద్ధం.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన కొత్తల్లో సంగతి. చింతామణి ఊరికి బస్సులు పోయే రోడ్డు పక్కన, గుట్ట కింద ఉన్న బీడును పార్కు చేయాలని పురసభ అనుకుంది. గుట్ట చుట్టూ, ముసలివాళ్లు కూడా ఆయాసపడకుండా నడిచే దారి కావాలన్నారు. నాకు అంతవరకూ కాలువలు, మోరీలు తప్ప ఏమీ తెలియదు. రోడ్డయితే తిన్నగా పోవాలి. షికారు దారి అలా కాదు, మలుపు అవతల ఏముందో చూద్దామనిపించాలి. గూటాలు పాతి, తాడు లాగి, సున్నంతో గీత పోయించి, మరునాడు నేనే నడిచి చూసి చెరిపించేవాణ్ణి. ఇంట్లో చెప్తే అక్క నవ్వేది. "గీసింది చెరిపేదానికేనా అప్పా నీకు జీతమిచ్చేది?"

అక్క చిన్న వయసులోనే భర్త పోయి మా ఇంటికి వచ్చేసింది. ఆ ఏడాది పెద్ద జ్వరం తగిలి, తగ్గాక ఎడమ మోకాలు పట్టేసింది. రోజూ మెత్తటి నేల మీద నడవాలి, మానేస్తే కాలు బిగిసిపోతుందని డాక్టరు చెప్పాడు. ఎక్కడ నడుస్తుంది? మా వీధిలో ఆడది బయటికి వస్తే చంకలో బిందో, చేతిలో బుట్టో ఉండాలి. ఊరికే నడిచేవాళ్లు లేరు. అందులోనూ అక్కలా భర్త పోయి ముసుగేసుకున్న మనిషి పొద్దున్నే ఎదురొస్తే, సంతకు బయల్దేరినవాళ్లు వెనక్కి పోయి, కాళ్లు కడుక్కుని మళ్లీ బయల్దేరేవాళ్లు.

అందుకే గుట్ట వెనక వైపు రెండో దారి గీశాను. మగవాళ్ల దారికి గరుసు కంకర పరిపించాను, వాళ్లకు చెప్పులుంటాయి. ఆడవాళ్లవి వట్టి కాళ్లు కాబట్టి వంకలోని ఇసక తోలించి మందంగా పోయించాను. మధ్యలో గోరింట కంచె. ఆకు కోసుకునే సాకుతో రావచ్చునని గోరింట. కంచె నడుమెత్తు పెరిగేసరికి వచ్చారు కూడా. పొద్దు పొడవకముందే బుట్టలతో వచ్చి, నాలుగు రెమ్మలు తుంచి, మాట్లాడుకుంటూ నడిచి పోయేవాళ్లు. అక్కకు గోరింట సాకు లేదు. అయినా వచ్చేది. ఎడమ కాలు ఈడ్చేది కాబట్టి ఇసకలో ఆమె ప్రతి అడుగు వెనకా ఒక గీత పడేది. నెలలు గడిచేకొద్దీ ఆ గీత పొట్టిదవుతూ వచ్చింది. పనికి పోతూ రోజూ దాన్ని చూసేవాణ్ణి.

ఇంతలో తాలూకా అధికారి అమల్దారుకు టెన్నిసు ఆడే జాగా కావాల్సి వచ్చింది. వేరుశనగ వ్యాపారం చేసే ఒక మెంబరు ఆ ఇసక దారి ఇచ్చేద్దామన్నాడు. "ఆడోళ్లు యాడొస్తాండారప్పా? కుక్కలు పండుకుంటాండాయి."

పురసభ అధ్యక్షుడు నెమ్మదస్తుడు. "రేపు పొద్దున్నే పోయి చూస్తాము. అడుగులుంటే దోవ ఉంటాది, లేకుంటే లేదు" అన్నాడు.

ఆ సాయంత్రం కాఫీ హోటల్లో అదే మెంబరు నా ఎదురుగా కూర్చున్నాడు. "ఏమప్పా ఓవర్సీరూ, అడుగులు చూస్తే ఒకే మనిషివి కనపడతాయంట గదా? పురసభ దుడ్డుతో మీ అక్కకు దోవ వేయించినావని ఊరంతా అంటాండాది."

పక్క బల్ల నుంచి ఎవరో అందుకున్నారు. "ఆయమ్మ ఎదురుపడే గదప్పా, బాగేపల్లి పోయే నా బండి ఇరుసు ఇరిగింది!"

"అయితే ఇరుసు గూడా ఓవర్సీరే వేయించాల!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి పోయి, అన్నం సగంలోనే వదిలి లేచాను. అక్కను తలచుకునే ఆ దారి గీశాను, అది నిజం. నిజం కాబట్టే భయం. ఇసకలో అక్క కాలి గీత కనపడితే ఆ మాటే రుజువై, ఉద్యోగం పోతుందేమోనని భయం. రేపు రావద్దని అక్కతో అనడానికి నోరు రాలేదు.

తెల్లవారేసరికి పార్కులో ఉన్నాను. కంచె అవతల మాటలు వినిపించాయి.

"ఏమక్కా, కర్ర తేలేదే?"

"వాకిట్లోనే పెట్టొచ్చినా. చూస్తాము, ఈ కాలికి ఎంత పొగరుందో." అది మా అక్క గొంతు.

వాళ్లు వెళ్లిపోయేదాకా కదలకుండా నిలబడ్డాను. తర్వాత తోటమాలిని పిలిచి ఇసక దారి ఊడవమన్నాను.

"చూసేదానికి వస్తాండారు గదయ్యా. అడుగులుండనీ."

"ఊడువంటాండా."

అతను పొరక గోడకు ఆనించి, నీళ్లు తెస్తానని బావి వైపు పోయాడు. తిరిగి రాలేదు. పొరక నేనే తీసుకున్నాను. చిన్న కాళ్లు, పెద్ద కాళ్లు, మెట్టెల గుర్తులు, అన్నీ ఊడ్చాను. గేటు దగ్గర జట్కా గజ్జెలు వినపడేసరికి నేరేడు చెట్టు మలుపు ఇంకా మిగిలే ఉంది. పొరక కంచెలోకి విసిరేసి ఎదురు పోయాను.

అధ్యక్షుడు చాలా దూరం నడిచాడు. "ఒక్క అడుగూ లేదే" అన్నాడు దిగులుగా. మలుపు దగ్గర మెంబరు వంగాడు. అక్కడ ఎడమ అడుగొకటి, దాని వెనక వేలెడు గీత.

"ఇదేమప్పా గీత?"

"పొరక ఈడ్చిన గీత" అన్నాను.

అతను నా ముఖంలోకి చూశాడు. నా పంచె అంచున ఇసక చూశాడు. "పొరకదే" అని అధ్యక్షుడితో చెప్పి, చెప్పుకాలితో దాన్ని చెరిపేశాడు.

ఆ దారిలో టెన్నిసు వల కట్టే గుంజలు పాతిన రోజు అక్క అడిగింది. "అడుగులే లేవన్నారంటనే? ఆ పొద్దు మేమందరమూ పోతిమే."

"గాలికి పూడిపోయుంటాయక్కా."

"గాలికా" అంది. కర్ర తీసుకుని లోపలికి పోయింది.

కాలు బిగిసిపోయింది. ఇప్పుడు గోడ పట్టుకుని వంటింటిదాకా వస్తుంది, అంతే.

ఇది పురసభలో చదవాలని రాసి, మొదట ఆమెకే చదివాను. పూర్తయ్యేదాకా బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉంది.

"పొరక నీ చేతిలో ఉన్నిందని తోటమాలి పెండ్లాము ఆ పొద్దే చెప్పిందప్పా."

"మరి అడగలేదే?"

"నువ్వే చెప్తావని ఉంటిని."

చాట పక్కన పెట్టి, మోకాలు రెండు చేతులతో ఎత్తి సర్దుకుంది. "పురసభలో ఇసక సంగతి మరిచిపోవద్దు. గట్టిగా చెప్పు. గరుసు పోసినారంటే వట్టి కాళ్లోళ్లు ఎవురూ రారు."