చల్లారాక ఆగిన బండి

2009 జూన్. షామ్‌బర్గ్ దగ్గర ఓ చిన్న బ్రేక్ టెస్టింగ్ ల్యాబ్‌లో నేను ఇంజినీర్‌ని. కొత్త కార్లతోనే మా పని. ఆ రోజు మాత్రం దాదాపు వందేళ్ల నాటి కారు వచ్చింది. దానికి వెనుక చక్రాలకే బ్రేకులు. డ్రమ్ము చుట్టూ ఓ ఇనుప పట్టీ, లోపల గుడ్డ లైనింగ్. పెడల్ తొక్కితే పట్టీ బిగుసుకుంటుంది, అంతే.

యజమాని వాల్టర్ గారికి ఎనభై ఆరేళ్లు. చూపు తగ్గింది. ఆగస్టులో లైసెన్స్ అయిపోతుంది, మళ్లీ ఇవ్వరు. ఈలోగా, ఇక్కడి స్వాతంత్ర్య దినమైన జులై ఫోర్త్ పరేడ్‌లో వాళ్ల నాన్న కారును తానే నడపాలని ఆయన కోరిక. బ్రేక్ రిపోర్ట్ లేనిదే కుదరదని ఇన్సూరెన్స్ వాళ్లు పట్టుబట్టారు.

“నాలుగుసార్లు ఆపాక కాసేపు చల్లారనివ్వాలి. మా నాన్న అలాగే నడిపేవాడు,” అన్నారాయన. తలూపాను గానీ చెవిన పెట్టలేదు.

మా పద్ధతిలో ముందు బర్నిష్ చేయాలి. అంటే లైనింగ్ డ్రమ్ముకి ఒరుసుకుని కుదురుకునేదాకా, విరామం లేకుండా ముప్పైసార్లు బ్రేక్ వేయించడం. కొలతలు ఆ తర్వాతే. ట్రాక్ మీద ఆయనే నడిపారు, పక్కన నేను కూర్చున్నాను. మొదటి నాలుగుసార్లూ, ఆగాల్సిన చోట మేం గీసిన సుద్దగీతకు ఇవతలే ఆగింది. పదోసారికి కమురు వాసన మొదలైంది.

గీత దగ్గర నిలబడ్డ మా టెక్నీషియన్ శ్రీకాంత్, వరంగల్ వాడు, పరుగున వచ్చాడు.

“అన్నా, ఆపు. పెద్దాయన ముందే చెప్పిండు గదా, చల్లారనియ్యాలని.”

“ప్రొసీజర్‌లో లేదు శ్రీకాంత్. మధ్యలో ఆపితే టెస్ట్ ఇన్‌వ్యాలిడ్ అవుతుంది. నా గ్రీన్‌కార్డ్ ఇంకా ప్రాసెస్‌లో ఉంది, ఆడిట్‌లో మాట పడమంటావా?”

“గది కొత్త కార్లకు రాసిన కాయితం అన్నా.”

నేను వింటేగా! ముప్పయ్యోసారికి పెడల్ నేలకంటినా బండి గీత దాటి పోయింది. వేడికి ఇలా పట్టు తప్పడాన్ని మేం ఫేడ్ అంటాం. ఆ తర్వాత కొలిచిన స్టాపులన్నీ ఫెయిల్.

అరగంట గడిచాక, ఎవరూ అడగకుండానే, వాల్టర్ గారు మళ్లీ నడిపారు. గీతకు ఇవతలే ఆపారు.

“చూశారుగా. ఇది కూడా రాస్తారా? పరేడ్‌లో పోయేది నడక వేగంతోనే కదా.”

“టెస్ట్ అయిపోయిందండీ. ఫామ్‌లో అందుకు చోటు లేదు.”

అబద్ధం. అడుగున ‘రిమార్క్స్’ అని రెండు లైన్ల చోటుంది. చల్లారాక బాగానే ఆగిందని ఒక్క ముక్క రాస్తే ఆయన పని అయ్యేదేమో. ఖాళీగా వదిలేసి సంతకం పెట్టాను. ఆడిట్ భయం ఒకటైతే, శ్రీకాంత్ మాటే నిజమైందన్న ఉక్రోషం ఇంకోటి. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

జులై నాలుగున మా ఆవిడతో పరేడ్‌కి వెళ్లాను. ఆ కారు వచ్చింది, ట్రెయిలర్ మీద. ముందు ట్రక్కు లాగుతోంది. వాల్టర్ గారు కోటు వేసుకుని, స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నారు. నన్ను గుర్తుపట్టి చెయ్యూపారు.

“ఎవరండీ ఆయన?” అంది మా ఆవిడ.

ఇప్పుడు ఏ బండి వచ్చినా, దాన్ని నడిపే మనిషిని కూర్చోబెట్టి ఎలా నడుపుతారో మొత్తం విన్నాకే ఫామ్ తెరుస్తాను. నాకు బుద్ధి వచ్చింది. ఆయన లైసెన్స్‌కి మాత్రం ఇంకో జులై లేదు.