మా మేనేజర్ గారి రేసు కార్బొరేటర్

కిందటి ఎండాకాలం కోకాపేటలో, మా ఆఫీసు పార్కింగ్‌లో జరిగిందిది. మా మేనేజర్ వీడియోలు చూసి తన పాతకాలపు కారుకు రేసు కార్బొరేటర్ బిగించుకుని, బానెట్ ఎత్తి అందరికీ చూపిస్తున్నారు. మా నాన్న పాత కారు బాగోగులు చూసేది నేనే కాబట్టి, దగ్గరికెళ్లగానే వాసన పసిగట్టాను.

"సార్, పెట్రోల్ పొంగుతున్నది. పెట్రోల్‌ని ఆపే ఫ్లోట్ ఇరుక్కున్నట్టుంది. జర ఆగండి, స్టార్ట్ చెయ్యకండి," అన్నాను.

"ఇది మీ స్కూటీ కాదండీ!" అని నవ్వి, ఆయన తాళం తిప్పారు.

ఢామ్మని పేలి కార్బొరేటర్‌లోంచి మంట లేచింది. అందరికంటే ముందు పరుగెత్తింది ఆయనే. తాళం ఆన్‌లోనే ఉంది, పంపు ఇంకా పెట్రోల్ తోస్తూనే ఉంది. కారు లోపలికి చెయ్యి పెట్టి తాళం తీశాను. స్తంభానికున్న మంటలార్పే సిలిండర్ తీసి మంట మీద పొడి కొట్టాను. మంట ఆరింది.

అప్పుడు తీరిగ్గా తిరిగొచ్చారు మహానుభావులు. ఇంజను మీద తెల్లటి పొడి చూసి, "ఇంత పౌడర్ కొట్టేశారేంటండీ? ఇంజను పాడైపోదూ!" అన్నారు.

"మంచిది సార్. ఈసారి కాలనిస్త," అన్నాను.

ఆయన ఇప్పటికీ మీటింగుల్లో ధైర్యం గురించి ఉపన్యాసాలిస్తారు. నాకు ఆ పరుగే కళ్లముందు కదులుతుంది.

– స్వరూప, మణికొండ