తోంగ్‌పాల్ ఝూలా ఎక్కి చెప్పిన జవాబు

థీమ్ పార్కుల మీద నేను నడిపే పాడ్‌కాస్ట్‌లో ఒకసారి నోరు జారాను. "సంతల్లో తిరిగే జైంట్ వీల్ ఎక్కకండి. వాటిని బిగించేవాడూ ఉండడు, చూసేవాడూ ఉండడు" అన్నాను. రాష్ట్ర సరిహద్దు అవతల కోంటాలో కిరాణా కొట్టు నడిపే నాగమణిగారు వాయిస్ మెసేజ్ పంపారు. "మా దిక్కు ఝూలా ఎప్పుడన్న చూసినవా? చూడకుండ చెప్పుడేంది?" "చూడక్కర్లేదు, తెలుసు" అని పొడిగా రెండు ముక్కల్లో జవాబిచ్చాను. ఆమె దాన్ని నలుగురికీ వినిపించారు. క్షమాపణ చెప్పమని శ్రోతలు వరసగా రాయడం మొదలుపెట్టారు.

గదిలో కూర్చుని చెప్పే క్షమాపణకు విలువ లేదనిపించింది. అలాగని నా మాట మొత్తం తప్పనీ అనుకోలేదు. చూసి మాట్లాడతానని ఆమెకే ఫోన్ చేశాను. "రా, తోంగ్‌పాల్ వారం బజారుకు పోదాం" అన్నారు.

భద్రాచలంలో ఉదయం అయిదున్నర బస్సు ఎక్కి ఎనిమిదింటికి కోంటాలో దిగాను. నాగమణిగారు బస్టాండులోనే ఉన్నారు. యాభై దాటిన మనిషి, చేతిలో టిఫిన్ డబ్బా. ఇడ్లీ తినేదాకా నన్ను మాట్లాడనివ్వలేదు. తోంగ్‌పాల్ మీదుగా పోయే జగదల్‌పూర్ బస్సులో కాస్త ముందే ఎక్కి కూర్చోవడం మంచిది, లేకపోతే సుక్మా దాకా నిలబడాల్సి వస్తుంది. ఎర్రబోరులో చింతపండు మూటతో ఎక్కిన పెద్దాయనకు ఆమె అక్కడి దోర్లీ భాషలో నా సంగతంతా చెప్పారు. ఆయన పకపకా నవ్వి ఏదో అన్నాడు.

"ఏమంటున్నారు?"

"తిట్టిన మనిషికి టిఫిన్ పెట్టుడేంది అంటుండు."

పదకొండుంపావుకు తోంగ్‌పాల్. బజారు చివర ఝూలా అనే జైంట్ వీల్, దానికి పన్నెండు ఉయ్యాలలు. యజమాని సోమారు చట్రం ఎక్కి ప్రతి జాయింటునూ సుత్తితో తట్టి చెవి పెట్టి వింటున్నాడు. వదులుగా మోగిన చోట పానాతో బిగిస్తున్నాడు. ముప్పావు గంట పట్టింది. అంతా రికార్డు చేశాను.

"ఇప్పుడు చెప్పు" అన్నారు నాగమణిగారు.

"చెప్తాను. ఉయ్యాలల తలుపులు కూడా చూడనివ్వండి."

ఒక్కొక్కటీ లాగి చూశాను. రెండు ఉయ్యాలలకు గడియ పిన్నులు లేవు, బదులు తీగ చుట్టి ఉంది. ఆమెను పిలిచి చూపించాను. ఆమె ముఖంలో నవ్వు పోయింది.

"తీగ గట్టిదే దీదీ. బజారు రోజు ఖాళీగా ఎలా తిప్పను?" అన్నాడు సోమారు హిందీలో.

నేను నోరు తెరిచేలోగా ఆమె హిందీలోనే అందుకున్నారు. "పిన్నులు వేసేదాకా ఆ రెండూ కట్టెయ్యి. కాదంటే ఇక్కడే నిలబడి ఎవర్నీ ఎక్కనివ్వను."

సోమారు వెళ్లి తాడు తెచ్చాడు. ఆ రెండు ఉయ్యాలలనూ కట్టేశాడు.

మేమిద్దరం ఎక్కాం. పైకి వెళ్లాం. కింద ఎండుమిర్చి కుప్పలు, లారీలు, వాటి వెనకంతా అడవి. అక్కడే మైకు తీసి మాట్లాడాను. "వీటిని చూసేవాడు లేడన్నాను. చూడకుండా అన్నాను. అది నా తప్పు, క్షమించండి. ఈ రోజు రెండు తలుపులకు పిన్నులు లేవు. అదీ చెప్పాలి, చెప్తున్నాను." ఒక్కసారికే వచ్చేసింది. మళ్లీ చెప్పాల్సిన అవసరం కనిపించలేదు.

మూడింటికి తిరుగు బస్సు. సుక్మా దాటాక నాగమణిగారు నా వైపు తిరిగారు. "పిన్నుల ముచ్చట వింటే మావోళ్లు నన్ను తిడతరు. పట్నం మనిషిని తోలుకొచ్చి మన బజారు పరువు తీసినవంటరు" అన్నారు.

"ఆ మాట తీసేయమంటారా అక్కా?"

ఆమె తల అడ్డంగా ఊపారు. "వద్దు, ఉండనీ" అన్నారు. "నేను చెప్పుకుంట వాళ్లకు."

ఆరింటికి కోంటాలో దిగి, చీర కొంగు సర్దుకుని, వెనక్కి చూడకుండా కొట్టు వైపు నడిచి వెళ్లారు. భద్రాచలం జీపులో కూర్చుని రికార్డింగు మొత్తం విన్నాను. ఒక్క మాట కూడా కోయలేదు. నా పాడ్‌కాస్ట్‌కు నాగమణిగారికన్నా మంచి శ్రోత లేదు.