గాలి ఎక్కడ పోతోందో చూపించమన్న మా మేనత్త

మా మేనత్త పోయిందన్న కబురు అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ గేటు దగ్గర బస్సు దిగుతుంటే తెలిసింది. "అత్త పోనాదక్కా" అన్నాడు తమ్ముడు ఫోన్లో. పొద్దున్నే వాకిలి ఊడుస్తూ చీపురు చేతిలో ఉండగానే కూలబడిపోయిందట. నేను కూర్మన్నపాలెం చేరేసరికి ఇంటి ముందు కుర్చీలు వేసేశారు.

ఆ కుర్చీల్లో కూర్చున్న దూరపు బంధువు ఒకాయన అన్న మాట వల్లే ఇది రాస్తున్నాను. "మంచి మనిషే గానీ, ఆ కోపమొకటి తగ్గించుకుంతే ఇంకొన్నాళ్ళు బతికీది" అన్నాడు. పక్కనున్నవాళ్ళు తలలూపారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ చల్లారలేదు.

ఆవిడకి కోపం ఉండేది, నిజమే. హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా రిటైరైంది. పెళ్ళిళ్ళకి కూడా పట్టుచీర కింద కాన్వాసు బూట్లే. ఎవరింటికి వెళ్ళినా, కారుతున్న కుళాయి కట్టేసి గానీ కూర్చునేది కాదు. చిన్నప్పుడు ఓసారి నాకు కడుపునొప్పి వస్తే బడి ఎగ్గొట్టే వేషమని ఇంట్లో అందరూ నవ్వారు. అత్త ఒక్కతే పొట్ట మీద వేళ్ళతో నొక్కుతూ "ఇక్కడా? ఇక్కడా?" అని వెతికింది. తర్వాత మా నాన్న వైపు తిరిగి, "సూడకుండా సెప్పీడమేటి? లే, ఆస్పత్రికి పద" అని అరిచింది. అది అపెండిక్సు. మరికాస్త ఆలస్యమైతే నేను ఉండేదాన్ని కాదు. ఆ కోపం వల్ల బతికినదాన్ని నేను.

పోర్టులో పనిచేసి రిటైరైన మావయ్యకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. భారీ మనిషి. చిన్న కారు ఎక్కిస్తే లేవలేడు, పెద్ద బండి ఎక్కలేడు. ఇద్దరు మనుషులు చంకల్లో చేతులేసి ఎత్తుతుంటే ఆయన కళ్ళు మూసేసుకునేవాడు. అది చూళ్ళేక అత్త ఒక పాత పెద్ద కారు కొంది. దానికి స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు తిత్తులుంటాయి. మీట నొక్కితే గాలి వదిలి బండి కిందికి దిగుతుంది. సీటు సరిగ్గా చక్రాల కుర్చీ ఎత్తుకి వస్తుంది. మావయ్య ఎడం చేత్తో తలుపు పైకమ్మీ పట్టుకుని, ఎవరి సాయం లేకుండా సీట్లోకి జరిగేవాడు. మళ్ళీ మీట నొక్కితే పంపు గాలి కొట్టి బండిని లేపేది. మొదటిరోజు ఫిషింగ్ హార్బరుకి తీసుకెళ్తే, ఆయన బేరమాడి వంజరం చేప కొనుక్కొచ్చాడు.

కొన్నాళ్ళకి ఆ పంపు పోయింది. సర్వీస్ సెంటర్లో కొత్తది వేశారు. ఆ తర్వాత నుంచి, పొద్దున లేచి చూస్తే వెనక ఎడంవైపు బండి కుంగిపోయి ఉండేది. ఆ మూల తిత్తి చిరిగిందని మార్చారు. అయినా కుంగింది. అప్పుడు అక్కడి అడ్వైజరు చల్లగా ఒక సలహా ఇచ్చాడు. "ఈ గాలి సిస్టమ్ తీసేసి మామూలు స్ప్రింగులు వేయించుకోండి మేడమ్. చాలామంది అదే చేస్తున్నారు."

"మరి కిందకి దిగుతాదా?"

"దిగదు మేడమ్. సార్‌ని ఇద్దరు మనుషులు పట్టుకుని ఎక్కించేస్తే సరిపోతుంది కదా."

నేను పక్కనే ఉన్నాను. అత్త లేచింది. స్కూలు గ్రౌండు ఈ చివర నుంచి ఆ చివరకి వినిపించే గొంతది.

"ఎక్కించీడానికి ఆయనేటి బస్తావా? గాలి ఎక్కడ పోతందో నాకు సూపించు. సూపించినాక ఏటి మార్సమంటే అది మారుస్తాను. సూడకుండా ఒకటి మార్సినారు, ఇప్పుడు మొత్తం పీకీమంటన్నారు!"

కస్టమర్లు లోపలికి రాకూడదన్నారు. అయినా అత్త ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకెళ్ళి సరిగ్గా బండి పక్కనే వేసుకుని కూర్చుంది. "ఇంట్లో మగాళ్ళనెవరినైనా పంపించండి" అని నాతో గుసగుసలాడాడు అడ్వైజరు. చివరికి ఒక మెకానిక్ బండిని లిఫ్టు మీదికెత్తి సబ్బునీళ్ళు తెచ్చాడు. తిత్తే మళ్ళీ చిరిగిందని అత్త పట్టుదల. దాని మీద చల్లితే ఒక్క బుడగ రాలేదు. ఆవిడ మొహం వాడిపోయింది. అతను మాత్రం ఆగలేదు. గొట్టం వెంబడే చల్లుకుంటూ, నాలుగు చక్రాలకీ గాలి పంచే వాల్వు దాకా వెళ్ళాడు. అక్కడ, గొట్టం బిగించిన చోట, బుడగలు పొంగాయి. పంపు మార్చినప్పుడు వాళ్ళే ఊడదీసి బిగించిన గొట్టమది. కొస ఏటవాలుగా కోసి ఉంది. తిన్నగా కోసి మళ్ళీ బిగించాడు, అంతే.

"చిన్నదే కదా మేడమ్" అన్నాడు అడ్వైజరు నవ్వుతూ.

"సిన్నదే. మరి సూడ్డానికి నీకేటి నొప్పి?"

మర్నాడు పొద్దున్నే టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య జాన పెట్టి కొలిచి చూసి, "కుంగలేదే!" అని నాకు ఫోన్ చేసింది. చిన్నపిల్లలా నవ్వింది.

ఇదీ ఆవిడ కోపం. ఇప్పుడు చెప్పండి, ఏం తగ్గించుకోవాలి?

అసలు ఆ మాట ఎక్కడ పుట్టిందో కూడా నాకు తెలుసు. పోవడానికి ముందురోజు అత్తకి దవడ లాగి, ఒళ్ళంతా చెమటలు పట్టాయి. ఇంటి దగ్గరున్న క్లినిక్‌కి నడిచి వెళ్ళింది. సాయంత్రం ఫోన్లో నాకు చెప్పింది. "నాడి కూడా సూడలేదే. ఈసీజీ తియ్యండంటే అక్కర్లేదన్నాడు. గేసంట. కోపం తగ్గించుకోమని మాత్తర్లు రాసీసినాడు. రేపు పెద్దాస్పత్రికెల్తాను." ఆ రేపు వాకిలి దగ్గరే ఆగిపోయింది. ఒక మనిషి నొప్పని చెబితే, చెయ్యి పట్టుకుని చూడకుండా స్వభావానికి మందు రాసిన పెద్దమనిషిని ఎవరూ ఏమీ అనరు. చచ్చిపోయినావిడ కోపం మీద మాత్రం అందరికీ అభిప్రాయాలున్నాయి.

పెద్దకర్మ అయ్యాక మావయ్య నన్ను పిలిచి, ముద్దముద్దగా, "నాను... అడగాలమ్మా" అన్నాడు. ఎవరినని నేను అడగలేదు. క్లినిక్ ముందు బండి ఆపి కిందికి దించాను. ఆయనే జరిగి కుర్చీలోకి దిగాడు. మా వంతు వచ్చాక డాక్టరు ఎదురుగా కుర్చీ ఆపాను.

"ఏమిటి బాధ?" అన్నాడు డాక్టరు, తలెత్తకుండా.

"నా బార్య... వచ్చినాది. ఎందుకు... సూళ్ళేదు?"

ఆ నాలుగు మాటలకి ఆయనకి చాలాసేపు పట్టింది. డాక్టరు తలెత్తాడు. గుర్తుపట్టినట్టే ఉన్నాడు. కేసులు ఎక్కువగా ఉన్నాయని ఏదో గొణిగి, "నెక్స్ట్" అని బెల్లు కొట్టాడు.

మావయ్య కదల్లేదు. నేను కుర్చీ మీద చెయ్యి వెయ్యలేదు.

తలుపు తెరిచే ఉంది. బెల్లు మళ్ళీ మోగింది. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి వచ్చారు. ఎవరూ లోపలికి రాలేదు. పసిపిల్లని ఎత్తుకున్న ఒకావిడ, చేతికి కట్టున్న ఒక ముసలాయన, వాళ్ళ వెనక ఇంకొందరు గుమ్మం దగ్గరే నిలబడి, జవాబు కోసం డాక్టరు వైపే చూస్తున్నారు.