కాక పైపులు, నా తల మీద ఒట్టు

ముసురు పట్టిందంటే చాలు, నాందేడ్‌లోని మా ఇంటి పడకగది అలమరలోంచి ఒక వాసన బయటికొస్తుంది. ఎండిన రేగుపండ్లూ, మాడీమాడని బెల్లం పాకమూ, వాటి అడుగున ఎక్కడో ఆరిపోయిన పొయ్యీ కలిసిన వాసన. మా ఆయనకు అది పడదు, లేచి కిటికీ తెరుస్తాడు. మా అమ్మాయి ముక్కు మూసుకుని, "గా డబ్బ ఎవలకన్న అమ్మెయ్యరాదే అమ్మా, పుణెల గిసొంటియి కొనేటోళ్లున్నరట" అంటుంది. నేను వినిపించుకోను. రేకుపెట్టె మూత తీసి, పాత ధోవతి గుడ్డతో కుట్టిన సంచుల్లోంచి ఒక్కొక్క పైపునూ బయటికి తీసి, మెత్తటి బట్టతో తుడిచి, మళ్లీ సంచిలో పెడతాను. ఇవి ఇటలీలో చేత్తో చెక్కిన పొగాకు పైపులు. కిన్వట్ పక్క గోకుందలో జొన్నా పత్తీ పండించుకుని బతికిన మా ఇంటికి ఇవి ఎట్లా వచ్చాయో చెబితే చాలామంది నమ్మరు, నమ్మినవాళ్లు నవ్వుతారు.

తెచ్చింది మా నర్సింగ్ కాక, మా బాపుకు తమ్ముడు. వయసులో ఉన్నప్పుడు ఇంట్లో అలిగి బొంబాయి పోయి, సరుకు ఓడలో వంటవాడిగా కుదిరి, చాలా ఏళ్లు సముద్రం మీద అన్నం వండి, నాకు ఊహ తెలిసే నాటికి తిరిగొచ్చి గోకుందలో అన్నతో పాటు అరక కట్టుకున్నాడు. పెళ్లి చేసుకోలేదు. తోటి ఓడవాళ్లు గడియారాలూ టేపురికార్డర్లూ తెచ్చుకుంటే ఈయన పైపులు తెచ్చుకున్నాడు. ఇటలీలోని జెనోవా రేవులో దిగినప్పుడల్లా ఒక ముసలి చెక్కడంపనివాడి గదికి పోయి కూర్చునేవాడట, ఒకరి మాట ఒకరికి తెలియకపోయినా ఇద్దరూ పొద్దంతా గడిపేవారట. కిన్వట్ వడ్లాయనతో టేకు గూడు ఒకటి చేయించి, పైపులన్నిటినీ తన అర్రలో దేవుడి పటాల కింద వరసగా నిలబెట్టాడు. దేవుళ్లకు దుమ్ము పట్టేది గాని వాటికి పట్టేది కాదు.

ఆ అర్రలోకి పిల్లల్లో నాకొక్కదానికే ప్రవేశం. మా శాళ, అంటే మరాఠీ బడి, మధ్యాహ్నానికే వదిలేది. చింతచెట్ల కింద చిర్రగోనె ఆడుతున్న మగపిల్లలను దాటుకుని, అమ్మ ఇచ్చిన జొన్నరొట్టె, పుంటికూర నిలబడే మింగి, నేను నేరుగా కాక అర్రకు పరుగెత్తేదాన్ని. వేసవిలో ఆ ఇల్లంతా ఇప్పపూల వాసన వేసేది, చలికాలంలో కొత్త పత్తి వాసన వేసేది, కాక అర్ర మాత్రం ఏడాది పొడుగునా ఒకటే వాసన. ఆయన ఒక పైపును నా అరచేతిలో పెట్టి, వెలుతురుకు తిప్పి చూపించేవాడు. సముద్రం ఒడ్డు గుట్టల మీద బ్రయర్ అనే పొద పెరుగుతుందనీ, దాని మొదట్లో మట్టి కింద గుమ్మడికాయంత గడ్డ ఊరుతుందనీ, ఆ గడ్డను తవ్వి, ఉడకబెట్టి, ఏళ్ల తరబడి నీడన ఆరబెడితే గాని ఉలి పెట్టరనీ, అందుకే అది లోపల నిప్పు ఉన్నా కాలదనీ చెప్పేవాడు. మిషన్ మీద చేసినవైతే అన్నీ ఒకే అచ్చు. చేత్తో చెక్కేవాడు మాత్రం గడ్డలో గీతలు ఎటు పోతున్నాయో చూసుకుని, వాటి వెంట తాను పోతాడు. ఒక పైపు మీద గీతలు అడుగు నుంచి అంచు దాకా సన్నగా, నిలువుగా లేచేవి, ఇంకోదాని పక్కన చిన్న చిన్న కళ్లు కిక్కిరిసి ఉండేవి, మరోదానికి గడ్డ పైతోలును అట్లాగే గరుకుగా అంచున వదిలేశాడు ఆ ముసలాయన. వాటికి నేను పేర్లు పెట్టాను. పొడుగు గొట్టం ఉన్నది కొంగమెడ, గుండ్రంగా ఉన్నది పొట్టయ్య, గరుకు అంచుది మొండిది.

ఒక దసరాకు మా అమ్మ కొడవళ్లూ పారలూ నాగలికర్రూ కడిగి పూజకు పెడుతూ, మరిది పనిముట్లు కదా అని పైపులను కూడా చింతపండూ బూడిదా పెట్టి ఇత్తడి చెంబుల్లా తోమింది. తోమి, ఒక్కొక్కదానికీ పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టింది. పొలం నుంచి వచ్చిన కాక గడపలోనే కూలబడ్డాడు. అమ్మ బిక్కమొహం వేసుకుని, "మంచిగ మెరుస్తున్నయి గద మరిదీ" అంది. వదినను ఏమీ అనలేక, నవ్వలేక, ఏడవలేక, ఆ పూట ఆయన పండక్కి చేసిన పోలె, అదే బొబ్బట్టు, కూడా తినలేదు. మొండిదాని గరుకు అంచులో ఆ కుంకుమ చాలా కాలం ఉండిపోయింది.

నాకొక పని అప్పజెప్పాడు కాక. ఒకసారి పొగ తాగిన పైపు తడిని పీల్చుకుంటుంది, ఆరడానికి దానికి రెండు మూడు రోజులు ఇవ్వకుండా మళ్లీ తాగితే పులిసిపోతుంది. అందుకే రోజుకొకటి, వరసలో. ఏది తాగిందో, ఏది ఆరిందో చూసి గూట్లో చోటు మార్చడం నా వంతు. "చేతికి తెల్వది బిడ్డా, చెంపకు పెట్టి చూడు" అనేవాడు. నిజమే, చేతికి చల్లగా అనిపించిన పైపు గిన్నె చెంపకు ఆనిస్తే లోపలి వేడి చెప్పేసేది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పొద్దున తాగిందో నిన్న తాగిందో చెప్పగలిగేదాన్ని. కాక మురిసిపోయి ఊరందరి ముందర నా ముక్కును పొగిడేవాడు.

ఒక చలికాలం ఆయనకు దగ్గు పట్టుకుంది. వారాలు గడిచినా పోలేదు, ఒకరోజు రుమాలులో ఎర్రగా పడింది. కిన్వట్ దవఖానలో డాక్టరు మరాఠీలో గట్టిగా చీవాట్లు పెట్టి, తంబాకు బంద్ చేస్తే బతుకుతావు, లేకుంటే లేదు అన్నాడట. ఇంటికొచ్చాక మా బాపమ్మ, అంటే బాపుకూ కాకకూ తల్లి, పొయ్యి ముందర కూర్చుని కొడుకును ఎదురుగా నిలబెట్టింది. బాపూ అమ్మా గోడకు ఆనుకుని నిలబడ్డారు. నేను రొట్టెలపెంక పక్కన కూర్చుని అంతా చూస్తున్నాను.

"నోటిమాట నాకొద్దు. ఒట్టెయ్యి" అంది బాపమ్మ.

కాక ఒక్క క్షణం నేల చూశాడు. తర్వాత నా వైపు చెయ్యి చాచి, "ఇటు రా గంగూ" అని దగ్గరికి తీసుకుని, తన అరచేతిని నా తల మీద పెట్టాడు.

"ఈ పిల్ల మీద ఒట్టు. మల్ల ముట్ట."

బాపమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మా దిక్కున తల మీద చెయ్యి పెట్టి ఒట్టేయడమంటే ఆటమాట కాదు, ఒట్టు తప్పితే ఆ తల ఎవరిదో వాళ్ల ప్రాణానికే వస్తుందని అందరికీ తెలుసు. నాకూ తెలుసు. కానీ నాకు భయం వెయ్యలేదు. నేను ఉప్పొంగిపోయాను. ఇంతమంది ఉండగా కాకకు అన్నిటికన్నా పెద్ద ఒట్టు నేనే అయ్యాను. ఆ రాత్రి తమ్ముడితో కూడా మాట్లాడకుండా గొప్పగా పడుకున్నాను.

పైపులను పారెయ్యమని బాపమ్మ అనలేదు. "చూసుకో, తుడుసుకో, ఎవలొద్దన్నరు" అంది. కాక అట్లాగే వాటిని చూసుకునేవాడు, నేను తుడిచేదాన్ని. పైపులన్నీ చల్లబడిపోయాయి, అర్రలో వాసన కూడా పలచబడింది. బాపమ్మ బావి దగ్గర, బజారులో, ఇస్లాపూర్ నుంచి వచ్చిన చుట్టాల దగ్గర ఒకటే పాట, పిల్ల కోసం నా కొడుకు పొగ మానిండని.

వానాకాలం మొదట్లో, ఇంటిల్లిపాదీ విత్తనాలకు పోయి, కాక మాత్రం విత్తనాల సంచి కోసం ఓసారి ఇంటికొచ్చి పోయిన ఒక మధ్యాహ్నం, శాళ నుంచి వచ్చి నేను పైపులు తుడుస్తున్నాను. కొంగమెడను చేతిలోకి తీసుకున్నాను. ఎందుకో, పాత అలవాటు, చెంపకు ఆనించాను. వెచ్చగా ఉంది.

ఎండ పడిందేమో అనుకుని గూడు వైపు చూశాను, అక్కడ ఎండ లేదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆ ముక్కు అబద్ధం చెప్పదని కాకే ఊరందరికీ చెప్పాడు. అట్లా చూస్తూ నిలబడి, ఇంక నేను చచ్చిపోతాను అనుకున్నాను. ఇందులో పెద్ద మాటేమీ లేదు, లెక్క ప్రకారం అంతే కదా. నేను ఆడుకునే కచ్చకాయలన్నీ మూటగట్టి పక్కింటి సఖుకు ఇచ్చేశాను. ఎందుకిస్తున్నావని అడిగితే ఊరికే అన్నాను. ఎవరితోనూ చెప్పలేదు. చెబితే కాక పరువు పోతుందని నా బాధ. నా ప్రాణం కన్నా ఆయన పరువు గురించి ఆలోచించాను, అంత వెర్రిదాన్ని.

కొన్నాళ్లకు జ్వరం రానే వచ్చింది. వానల్లో కిన్వట్ అడవి పక్క ఊళ్లకు చలిజ్వరం వింతేమీ కాదు, సగం ఊరు మూలుగుతూనే ఉంది. కానీ నాకు మాత్రం అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. రెండు గొంగళ్లు కప్పినా పళ్లు టకటకలాడేవి, తర్వాత ఒళ్లు పేలిపోయేది. బాపమ్మ పోచమ్మకు మొక్కుకుంది. కాక బండి కట్టి డాక్టరును తీసుకొచ్చాడు, నా మంచం కోడు పట్టుకుని కన్నీళ్లు పెట్టుకున్నాడు. అవి దొంగ ఏడుపులని నేను ఈ రోజుకీ అనను. ఆయన నిజంగానే ఏడ్చాడు.

ఒక పగటిపూట నేను కళ్లు మూసుకుని పడుకుని ఉన్నాను. కాక వచ్చి, జ్వరం ఎంతుందో చూద్దామని నా నుదుటి మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి వాసన వేసింది. నిన్నటిది కాదు, మొన్నటిది కాదు, అప్పుడే పెరట్లోంచి వచ్చిన వాసన.

కళ్లు తెరిచాను. "కాకా, నువ్వు తాగినవ్ గద. నాకు గందుకే జరమచ్చింది" అన్నాను.

ఆయన చెయ్యి తీసేశాడు. గుమ్మం వైపు చూశాడు. బాపమ్మ వాకిట్లో ఉంది. గొంతు తగ్గించి, "పిచ్చిపిల్లా, ఒట్లు గిట్లు అన్ని ఉత్తయే. నీకేం గాదు" అన్నాడు. తర్వాత ఇంకా మెల్లగా, "అవ్వకు చెప్పకు" అన్నాడు.

చెప్పలేదు. డాక్టరు ఇచ్చిన గోళీలు పని చేశాయి, జ్వరం దిగింది. పోచమ్మకు కోడిని కోసి, ఇంటిముందు పందిట్లో చుట్టాలందరికీ అన్నం పెట్టారు. బాపమ్మ కాకను పీట మీద కూర్చోబెట్టి బొట్టు పెట్టి, కొబ్బరిచెక్క ఆయన చేతిలో ఉంచి, అందరికీ వినపడేటట్టు, "వీడు ఒట్టు నిలవెట్టుకున్నడు గనుకనే నా పిల్ల బతికింది" అంది. చుట్టాలు ఔనన్నారు. మా అమ్మ ఆయన కాళ్లకు దండం పెట్టింది. ఆయన తల వంచుకుని ఆ కొబ్బరిచెక్క పుచ్చుకున్నాడు. నేను పందిరి గుంజ పట్టుకుని ఆయన్నే చూస్తున్నాను. ఆయన అందరి వైపూ చూశాడు గాని నా వైపు చూడలేదు. అప్పుడే అనుకుంటాను నాకు కడుపులోంచి కోపం వచ్చింది. పొగ తాగాడని కాదు. నా ప్రాణం మీద పందెం కాసి ఓడి, గెలిచినవాడిలా బొట్టు పెట్టించుకున్నాడని.

ఆ తర్వాత నేను ఆ అర్రలోకి పోలేదు. ఆయనా పిలవలేదు. నా పెళ్లిలో అక్షింతలు వెయ్యడానికి ఆయన చెయ్యి ఎత్తితే నాకు తెలియకుండానే తల పక్కకు జరిపాను, బియ్యం నా భుజం మీద పడింది. ఎవరూ గమనించలేదు, ఆయన తప్ప.

కాక మాత్రం, ఆ డాక్టరు చెప్పినదానికి విరుద్ధంగా, నిండు ముసలితనం దాకా బతికాడు. పోయినేడు కంటి ఆపరేషన్‌కు నాందేడ్ వచ్చి కొన్నాళ్లు మా ఇంట్లో ఉన్నాడు. ఒక ఉదయం వరండాలో కూర్చున్నాం, ఆయనకు కట్టు విప్పారు, కింద వీధిలో కూరగాయల బండి పోతోంది. అడగాలని ముందే అనుకోలేదు, నోట్లోంచి వచ్చేసింది.

"కాకా, ఒట్లన్ని ఉత్తయే అన్నవ్ గద. మరి గా దినం నీ మీద నువ్వే ఎందుకు ఏసుకోలె?"

ఏ దినమని ఆయన అడగలేదు.

"ఎన్నడన్న తప్పుతనని నాకు ఎర్కనే ఉండె బిడ్డా" అన్నాడు. "గందుకే నా మీద ఏసుకోనీకి భయమైంది."

నేను లేచి లోపలికి పోయి చాయ్ పెట్టి తెచ్చిచ్చాను. ఆయన తాగాడు. మళ్లీ ఆ మాట మా మధ్య రాలేదు. ఎండాకాలం రాకముందే గోకుందలో పోయాడు, పైపులు నాకు ఇవ్వమని చెప్పి పోయాడట. మా తమ్ముడు రేకుపెట్టెను బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిచ్చాడు.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు, తమ్ముడు కూలగొట్టి స్లాబు వేశాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు చింతచెట్లు పోయాయి, కిన్వట్ బజారులో విడి పొగాకు తూచి అమ్మిన దుకాణంలో ఇప్పుడు మొబైల్ ఫోన్లు అమ్ముతున్నారు, పిల్లలు చిర్రగోనె పేరైనా ఎరుగరు. ఇవన్నీ పోయేవే, వాటికి నేను ఏడవను. పొయ్యి ముందర ఆయన చెయ్యి నా తల మీద పడినప్పుడు, లోకంలో ఒక మనిషికి నేను తన ప్రాణం కన్నా ఎక్కువ అనుకున్నాను చూడండి, నా చిన్నతనంలో దాన్ని మించిన సంతోషం లేదు. జ్వరం తర్వాత కూడా, ఆయన మాట తప్పినా ఆ చెయ్యి పెట్టిన క్షణమైనా నిజమేనని దాన్ని ఒక్కదాన్నీ దాచుకున్నాను. ఇప్పుడు అదీ లేదు.