దీపాల వేళ వీధి తలుపు

చలికాలం వస్తే దోమలు చచ్చిపోతాయని ఎవరైనా అంటే, వాళ్ళని ఓ సాయంత్రం మా ఖరగ్‌పూర్ తీసుకొచ్చి న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్‌లో కూర్చోబెట్టాలనిపిస్తుంది. చావవు. బయట చలిగా ఉందని ఇళ్ళలోకి వచ్చేస్తాయి. దండెం మీది చీరల్లో, మంచం కింద సూట్‌కేసుల చాటున చుట్టాల్లా మకాం పెడతాయి.

ఆ ఏడాది దుర్గాపూజ అయిన కొద్ది రోజులకే మా నాలుగేళ్ళ పాపకి డెంగ్యూ వచ్చింది. గండం గడిచి ఇంటికొచ్చింది గాని, రెండోసారి వస్తే ఇంతకంటే ప్రమాదం కావచ్చని డాక్టరు చెప్పిన మాట నా చెవిలో అలాగే ఉండిపోయింది. అసలే నాకు ఓర్పు తక్కువ. దానికి భయం కూడా తోడైతే ఇక చెప్పేదేముంది. వేసవి అయ్యాక మూలకి నెట్టి పాత దుప్పటి కప్పిన కూలర్‌ని తెరిచి చూస్తే అడుగున నీళ్ళు, ఆ నీళ్ళలో తోకాడిస్తూ పురుగులు. నా ఒళ్ళు మండిపోయింది. కూలర్ వంచేసి ఎండలో పడేశాను. ఫ్రిజ్ వెనక ట్రే, మనీప్లాంట్ సీసా, కుండీల కింది పళ్ళేలు, ఏదీ వదల్లేదు. బకెట్లు తోమి బోర్లించాను. కిటికీలకి జాలీ కొట్టించాను. పక్క క్వార్టర్ బెంగాలీ దీదీ సందెవేళ కొబ్బరిపీచు నిప్పుల మీద సాంబ్రాణి చల్లి పొగ వేసుకోమంది గాని, మా పాపకి పొగ పడదు. పొద్దు వాలకముందే తలుపులన్నీ మూసెయ్యాలని ఇంట్లో ఆర్డరు వేశాను.

అన్నిటికీ సరేనన్న మా అత్తగారు ఒక్క వీధి తలుపు దగ్గర మాత్రం మెట్టు దిగలేదు. దీపాల వేళ పెరటి తలుపు మూసి, వీధి తలుపు బార్లా తీసి ఉంచాలి. అది లక్ష్మీదేవి వచ్చే వేళ. శ్రీకాకుళం వైపు నుంచి కొత్త కోడలిగా ఈ రైల్వే ఊరొచ్చిన నాటి నుంచీ ఆవిడ పట్టుకున్న నియమం అది. మీ లక్ష్మికన్నా ముందు దోమలే వస్తున్నాయత్తయ్యా అని ఓ సాయంత్రం అనేశాను. ఆవిడ తలుపు రెక్కని ఇంకాస్త గోడకి నెట్టింది. వర్క్‌షాప్ నుంచి వచ్చిన మా ఆయన ఇద్దరి ముఖాలూ చూసి, టీ కూడా అడక్కుండా పాపని ఎత్తుకుని లోపలికి పోయాడు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఆయనే.

మర్నాటి నుంచి అత్తగారు కొత్త పని మొదలుపెట్టింది. గడప మీద కూర్చోవడం అరిష్టమని పాపని కూడా లేపేసే మనిషి, సందెవేళ దీపం పెట్టేసి తనే గడప మీద చతికిలబడేది. అదీ చలిలో, చీర మోకాళ్ళ దాకా పైకి లాక్కుని, నేను కొనిచ్చిన సాక్సులు తీసి పక్కన పెట్టి. చీకటి పడి తలుపు మూసేదాకా కదిలేది కాదు. నా మీద ధర్నా చేస్తోందనుకున్నాను. చెయ్యనీ అనుకుని పాపని లోపలి గదిలో దోమతెర కింద కూర్చోబెట్టి ఆ గది తలుపు వేసుకునేదాన్ని. కోడళ్ళకి కూడా పంతాలుంటాయి మరి.

చలికి ఆవిడ మోకాళ్ళు బిగుసుకుపోతాయి. ఆదివారం పొద్దున్న పెరట్లో ఎండలో కూర్చోబెట్టి నువ్వులనూనె రాయడం నా పని. మాటల్లేని రోజుల్లో కూడా ఆ పని మానలేదు. ఆ ఆదివారం గిన్నె పట్టుకుని కూర్చుని ఆవిడ చీర కాస్త పైకి జరిపితే, మోకాలి నుంచి మడమ దాకా దద్దుర్లు. గోకి గోకి కొన్ని పుళ్ళయ్యాయి. ఇదేమిటత్తయ్యా అన్నాను. గట్టిగా అడిగాక చెప్పింది.

"గడపలోనే నా కాళ్ళు దొరికితే ఇంక లోపలికెందుకెళ్తాయి? కడుపు నిండిపోద్ది కదా. పిల్లని ఒగ్గేస్తాయి."

దోమలు అలా లెక్క చూసుకుని తాగవని చెబుదామని నోరు తెరిచాను. ఏడుపొచ్చింది. మరి మీకు జ్వరమొస్తే అని అడిగాను.

"నాకేటి, ముసిల్దాన్ని. వొస్తే వొస్తాది."

నాకు మళ్ళీ కోపం వచ్చింది. ఈసారి కోపం వేరు. "పాప ఆసుపత్రిలో ఉన్నప్పుడు మీరున్నారనే నేను నిలబడ్డాను. మీరు పడిపోతే నేను నిలబడలేనత్తయ్యా" అన్నాను.

ఇన్నేళ్ళ కాపురంలో మేమిద్దరం అలాంటి మాట ఎప్పుడూ అనుకోలేదు. మా ప్రేమంతా మారు వడ్డించే గరిటెలోనే ఉండేది.  ఆవిడ తన చెంగుతో నూనె అంటుకున్న నా చేతులు తుడిచింది, ఒక్కో వేలూ.

ఆ సాయంత్రం దేవుడి గూట్లో దీపం వెలిగించి, దణ్ణం పెట్టుకుని వచ్చి, వీధి తలుపు తనే మూసి గడియ పెట్టింది. గెలిచానన్న సంతోషం నాకు ఏమాత్రం కలగలేదు. నా మాట కోసం ఆవిడ మనసు కష్టపెట్టుకుందేమోనని బెంగ పట్టుకుంది. దగ్గరికి వెళ్ళి, మరి లక్ష్మీదేవి సంగతేమిటత్తయ్యా అని మెల్లగా అడిగాను.

ఆవిడ అప్పటికే సాక్సులు తొడుక్కుంటోంది.

"ఆవిడికి తలుపు కొట్టడం రాదేటి?" అంది.