సి షిఫ్ట్ గుమ్మడికాయ

మా పక్కింటి మావయ్య పోయిన నెల కన్నుమూశారు. వరుసకు ఏమీ కారు, గోడవతల ఉండేవారు, అంతే. కబురు చెప్పడానికి వచ్చిన అత్తయ్య, "మీ మావయ్య ఎలిపోనారు. పెరట్లో కాయలింకా కొయ్యనేదు" అంది. ఏడవాలో నవ్వాలో తెలియక చెప్పులు వేసుకున్నాను.

మావయ్య స్టీల్ ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ దగ్గర పనిచేసి రిటైరయ్యారు. షిఫ్టులు మాత్రం ఆయన్ని వదల్లేదు. తియ్యగుమ్మడి గింజలు మూడు విడతలుగా పాతేవారు. తొలి వానకి ఎ షిఫ్ట్, వానలు జోరందుకున్నాక బి, తగ్గుముఖం పట్టాక సి. పిందె పడగానే గోటితో దానిమీద ఆ అక్షరం గీసేవారు. కాయతో పాటు అక్షరమూ పెరిగేది.

"ఎ షిఫ్ట్‌ది బోల్డు కాస్తాది. ఏటి లాభం? తాగింది వాన నీళ్ళే కదా. సి షిఫ్ట్‌ది నాలుగే కాస్తాది గానీ ఎండకి నెమ్మదిగా పండుతాది. లోపల ఎర్రగా, గట్టిగా ఉంటాది. కళ్ళకి బలం దాన్లోనే ఉంది. సమఝే, అల్లుడూ?"

నేను కాదన్నానా? ఒప్పుకోవాల్సింది అత్తయ్య. ఆవిడ నోట 'సి బాగుంది' అన్న ఒక్క మాట వినాలని పదేళ్ళు తాపత్రయపడ్డాడు మహానుభావుడు.

గుమ్మడికాయ నెలల తరబడి నిలవుంటుంది కాబట్టి, మూడూ చేతికొచ్చాక ఒక ఆదివారం పరీక్ష. మూడు గిన్నెల్లో మూడు కూరలు, ఆ పూట వంట నాదే. బెల్లం వెయ్యకూడదు, వేస్తే అన్నీ ఒకటే అయిపోతాయని ఆయన రూలు. ఏ గిన్నెలో ఏదుందో నాకు మాత్రమే తెలియాలి. అత్తయ్య మూడూ రుచి చూసి, ఏటా ఎ షిఫ్ట్ గిన్నెనే 'ఇదే బాగుంది' అని ముందుకు తోసేది. మావయ్య రెండు రోజులు నాతో మాట్లాడేవారు కాదు.

ఒక ఏడాది జాలేసి అబద్ధమాడాను. ఆవిడ తోసిన గిన్నె చూపించి "ఇదే సి" అన్నాను. మావయ్య గిన్నెలోకి తొంగి చూసి, "ఇంత తెల్లగా ఉంటే సి ఎలాగవుతాది? దొంగ గెలుపు నాకొద్దు" అని లేచిపోయారు. రంగు చూస్తే తెలిసిపోయే పరీక్షను గుట్టుగా నడుపుతున్నామని మా ఇద్దరికీ అప్పుడైనా తట్టలేదు. అంత తెలివైనవాళ్ళం మేము.

పెద్దకర్మ అయిన మర్నాడు అత్తయ్య పిలిచి ఒకే ఒక గిన్నె ముందు పెట్టింది. కూర ఎర్రగా ఉంది.

"సి కదా, అత్తయ్యా?"

"సియే. ఎప్పుడూ ఇదే బాగుండీది. నాకేటి కళ్ళు లేవా?"

"మరి పదేళ్ళూ చెప్పలేదేం?"

"చెప్పీస్తే గెలిచీసినానని పాతడం మానీసీవోరు. పొద్దస్తమానం వంటింట్లో కూకొని నా వంటకి వంకలెట్టీవోరు."

నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు.

"ఈ ఏడు చెప్పీద్దామనే అనుకున్నాను, బాబూ. కాయ ముదరాలని ఆగినాను."

అత్తయ్య గిన్నె దగ్గరకు లాక్కుని, పెరటి వైపు తిరిగి కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ అడుగున అంటుకున్న కూర కూడా వేలితో తీసి తినేసింది.